తెలియనట్టు ఆకు వేసిన పిల్ల

గుండె డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ నా గుండె ఎంతో బుద్ధిగా ఉండేది. ఇంటి దగ్గర గొంతులోకి వచ్చి కొట్టుకునేది, చెవుల్లో మోగేది. బల్ల మీద పడుకోబెట్టి తీగలు తగిలించగానే మాత్రం పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్లలా తల వంచుకునేది. "ఏమీ లేదమ్మా, ధైర్యంగా ఉండు" అనేవారు డాక్టరు. ఏమీ లేనిదానికి అనంతపురం దాకా బస్సెక్కి రావడం ఎందుకని మా అత్త మొహంలో కనిపించేది.

ఇప్పుడు బాగున్నాను. బాగున్నాను కాబట్టే ఇలా నవ్వుతూ రాయగలుగుతున్నాను. మా పొదుపు సంఘంలో ఆడవాళ్లు కొందరు నన్ను చాటుకు పిలిచి అడుగుతుంటారు. "సరోజక్కా, నువ్వు హిందూపురంలో ఒకామె దగ్గరికి, బెంగుళూరులో ఒకామె దగ్గరికి పోయినావంట గదా. ఇద్దరూ కూర్చోబెట్టి మాట్లాడేటోళ్లే గదా. ఇద్దరెందుకు నీకు?" అని. ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోయే బదులు ఒకసారి రాసి పెడితే మేలనిపించింది. రాస్తే నాకూ కొంచెం కుదురుగా ఉంటుంది.

తొంభై తొమ్మిది, ఎండాకాలం

మాది సోమందేపల్లె దగ్గర చిన్న పల్లె. బోరు కింద రెండెకరాల మల్బరీ తోట, ఇంటి వెనక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో పట్టుపురుగులు మేపుతాం. పుట్టింట్లోనూ నాకు అదే పని, మెట్టినింట్లోనూ అదే పని. పురుగుల దగ్గర నా చెయ్యి మంచిదని ఊళ్లో పేరు. మా అత్త నన్ను మెచ్చుకున్న విషయం అదొక్కటే.

ఈ పని తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. గుడ్డులోంచి వచ్చినప్పుడు పురుగు వెంట్రుకంత ఉంటుంది. తిని తిని ఒళ్లు పట్టక పొర విడుస్తుంది. విడిచే ముందు మేత మాని, తలెత్తుకుని కదలకుండా ఉండిపోతుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు లేచాక పురుగు ఆకలి చూడాలి. ఎన్ని మోపుల ఆకు పరిచినా ఈనెలే మిగులుతాయి. వేల పురుగులు ఒక్కసారిగా కొరుకుతుంటే రేకుల మీద వాన పడుతున్నట్టే ఉంటుంది. అసలు వాన మొహం చాటేసిన సంవత్సరాల్లో కూడా మాకు ఆ వాన ఒకటి ఉండేది. మా ఆయన ఆంజనేయులు ఆ వారమంతా షెడ్డు బయట అరుగు మీద కూర్చుని వింటుండేవాడు.

నాకు జబ్బు వచ్చింది ఆ చప్పుడులోనే. మధ్యాహ్నం మేత వేస్తున్నాను. ఉన్నట్టుండి చేతులు చల్లబడ్డాయి, ఊపిరి సగంలో ఆగిపోయింది. గుండె పగిలిపోతుందనుకున్నాను. ఆకు గంప కింద పడేసి బయటికి పరిగెత్తి బోరు దగ్గర కూలబడ్డాను.

"ఏమైందే?" అని మా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"సచ్చిపోతాండా. పాపను చూసుకో" అన్నాను. నిజంగానే చచ్చిపోతున్నాననుకున్నాను. ఆ భయాన్ని మాటల్లో చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. ఊరి డాక్టరు వచ్చి సెలైను పెట్టాడు. కాసేపటికి అంతా సర్దుకుంది. తరవాతి పంటలో మళ్లీ వచ్చింది. ఆ తరవాత పురుగులు లేనప్పుడు కూడా వచ్చింది, బస్సులో, సంతలో, చివరికి దేవుడి గుళ్లో.

అనంతపురం ఆసుపత్రిలో వరండా నిండా జనం. ఒకసారి అక్కడే నాకు దడ మొదలైంది. పక్కన కూర్చున్న ముస్లిం ఆమె, గార్లదిన్నె నుంచి మొగుణ్ణి తీసుకొచ్చిందట, ఏమీ అడగకుండా నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. "భయపడాకు చెల్లీ, నేనీడే ఉండా" అని, పెదాల మీద ఏదో చదువుకుంటూ కూర్చుంది. లోపలికి వాళ్ల పేరు పిలిస్తే కూడా, "ఒక నిమిషం ఉండప్పా, ఈ యమ్మకు బాగలేదు" అని కాంపౌండరుకు చెప్పింది. ఆమె పేరు అడగలేదు. ఆ చేతి వెచ్చదనం మాత్రం బాగా గుర్తుంది.

పరీక్షలన్నీ బాగున్నాయన్నారు. ఇంటికి వచ్చాక ఎవరు పలకరించినా మా అత్త, "ఏమీ ల్యాదంట" అని చెప్పేది. ఏదైనా రోగం ఉండి ఉంటే బాగుండేదని కూడా అనుకున్నాను. రోగం ఉంటే మందు ఉంటుంది, పలకరింపులు ఉంటాయి, బత్తాయిలు తెస్తారు. ఏమీ లేనిదానికి ఎవరూ బత్తాయిలు తేరు.

ఆ ఏడే మా అనితకు పదేళ్లు నిండాయి. దాన్ని కంటికి కనపడకుండా పోనివ్వడం నా వల్ల అయ్యేది కాదు. బడి దాకా వెంట వెళ్లి గేటు దగ్గర నిలబడేదాన్ని. "అందరూ నవ్వుతాండారమ్మా, నువ్వు రావొద్దు" అని పిల్ల ఏడ్చేది.

ఒకరోజు మా ఆయన తోటలో ఉన్నాడు. మా అత్తకు మోకాళ్లు పట్టేశాయి. నాలుగో జ్వరం లేచిన పురుగులు ఆకలితో తలలు ఊపుతున్నాయి. నేను వంటింట్లోంచి చూస్తుండగా అనిత పావడా ఎగదోపుకుని, ఆకు గంప నెత్తిన పెట్టుకుని షెడ్డులోకి పోయింది. ఎలా పరిగెత్తానో తెలియదు. జడ పట్టుకుని పిల్లను బయటికి ఈడ్చాను. "ఆకే గదమ్మా ఏసింది! ఆకే గదా!" అని అది అరుస్తోంది. నేను కూడా అరుస్తున్నాను. ఏమని అరిచానో నాకు తెలియదు.

ఆ సాయంత్రం మా ఆయన అనిత జడ విప్పి కొబ్బరినూనె రాస్తూ, నావైపు చూడకుండా, "ఇంక గుండె డాక్టర్ల దగ్గరికి పోయేది కాదు లేవే ఇది" అన్నాడు.

మా ముందు ఉన్న చిక్కు అందరికీ తెలిసిపోయింది. నేను లోపలికి పోలేను, పిల్లను పోనివ్వలేను. పురుగులు మాత్రం మాకోసం ఆగవు. ఇలాగే ఉంటే తోట పీకేసి బెంగుళూరులో కూలికి పోవాలి. అంతకంటే నన్ను తినేసింది ఇంకొకటి. నా కూతురు నన్ను చూసి భయపడటం మొదలుపెట్టింది. నేను దగ్గరికి పోతే జడ మీద చెయ్యి వేసుకునేది.

రెండు వేలు, చలికాలం

మా ఆయన స్నేహితుడు, బడి పంతులు, హిందూపురంలో కౌన్సెలింగు చేసే ఉషారాణి మేడం గురించి చెప్పాడు. కౌన్సెలింగు అంటే మా అత్తకు తెలిసింది ఒక్కటే, పోలీసు స్టేషనులో మొగుడూ పెళ్లాలను కూర్చోబెట్టి తిట్టడం. "మా ఇంట్లో ఏం గొడవ ఉండాదని? నేనొచ్చి చెప్తా పా" అని పట్టుచీర కట్టుకుని బయలుదేరింది. పెనుకొండ అవతలి ఊరి నుంచి మా నాయన కూడా వచ్చాడు. కూతురి తరఫున పెద్దమనిషి లేకపోతే ఎట్లా అని ఆయన బాధ. నలుగురం వెళ్లి ఆమె గదిలో పంచాయితీకి కూర్చున్నట్టు కూర్చున్నాం.

ఉషారాణి మేడం నవ్వలేదు. అందరి మాటా విన్నారు. మా అత్త తన కోడలు ఎంత మంచిదో, ఎంత పనికిమాలిందో రెండూ చెప్పింది. మా నాయన తుండుగుడ్డ ఒళ్లో పెట్టుకుని, "చిన్నప్పుడు శానా గట్టి పిల్ల మేడం, కండ్లలో నీళ్లు సూడలేదు నేను" అన్నాడు. అప్పుడది నాకు పొగడ్తలాగే వినిపించింది. అంతా అయ్యాక మేడం, "మీరు ముగ్గురూ బయట కాఫీ తాగి రండి, సరోజతో కొంచెం మాట్లాడతా" అన్నారు. తీర్పు చెప్పకుండానే లేచిపోమన్నందుకు మా అత్తకు చాలా కోపం వచ్చింది.

ఆమె నాకు మొదట చెప్పింది, "నీకు ఏమీ లేకపోవడం కాదు, ఉండాది. దానికి పేరుండాది" అని. ఆ మాటకే సగం ప్రాణం లేచి వచ్చింది. దడ ఎలా లేస్తుందో, ఎంత లేచినా మళ్లీ ఎలా దిగుతుందో, దానివల్ల ఎవరూ చచ్చిపోరని వివరంగా చెప్పారు. ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పారు. మానసిక వైద్యుడి దగ్గరికి పంపి మాత్రలు కూడా రాయించారు. వేసుకున్నాను, వాటివల్ల నిద్ర పట్టింది, అందులో దాచుకోవాల్సింది ఏముంది.

తరవాత ఇంటి సంగతులు. అనిత బడికి పక్కింటి పిల్లలతో పోవాలి, నేను గేటు దాకా కాదు, వీధి మలుపు దాకా, ఆ తరవాత గుమ్మం దాకా. పురుగులు గూళ్లు కట్టే ముందు ఆఖరి వారం మేతకు మనిషిని పెట్టుకోవాలి. మా ఆయన ఇక "ఏమీ లేదు" అనే మాట వాడకూడదు. ఆయన నిజంగానే మానేశాడు. నోటి దాకా వచ్చిన మాటను మింగి, "నీళ్లు తాగుతావా?" అనడం నేర్చుకున్నాడు. అనితతో ఏం చెప్పాలో కూడా మేడంతోనే ఆలోచించుకుని వెళ్లాను. "ఆ పొద్దు నీ మీద కోపం కాదు పాపా, నాకు భయమైంది" అన్నాను. అది తల ఊపింది. జడ మీద చెయ్యి మాత్రం తీయలేదు.

అలా కొన్ని నెలలు. బస్సు ఎక్కగలిగాను, సంతకు పోగలిగాను. చిన్న పురుగులకు ఆకు తరిగి వేయగలిగాను. ఆఖరి వారం చప్పుడు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అన్నీ మరిచిపోయేదాన్ని. నేర్చుకున్న ఊపిరి కూడా ఆ గుమ్మం దగ్గరే నిలబడిపోయేది.

మేడం ఒకసారి అడిగారు. "ఆ చప్పుడు మొదట్లో నీకు ఇష్టమే గదా సరోజా. ఎప్పుడన్నా చిన్నప్పుడు ఆ చప్పుడులో ఏమైనా జరిగిందా?"

"పుట్టినప్పటినుంచీ వింటాండా మేడం" అన్నాను. ఆ వెంటనే నోరు ఎండిపోయింది. మేడం నా మొహం చూసి ఇక అడగలేదు. నీళ్లు ఇచ్చి, కాసేపు తోట గురించి, అనిత చదువు గురించి మాట్లాడించారు. నేను మామూలుగా అయ్యాక చెప్పారు. "ఈ చిక్కు ఈ ఏటిది కాదమ్మా. ఎప్పటిదో. దాన్ని విప్పాలంటే శానా కాలం పడుతుంది, దానికి వేరే శిక్షణ ఉండాది. సైకోథెరపీ అంటారు. నాకు రానిదాన్ని వచ్చినట్టు చేస్తే నీకే చెడ్డ. బెంగుళూరులో ఒకామె ఉన్నారు, పంపిస్తా."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆఫీసుల్లో ఒక బల్ల దగ్గర్నుంచి ఇంకో బల్ల దగ్గరికి తోసినట్టు తోసేస్తున్నారనుకున్నాను. "ఈడికి మళ్లా రావొద్దా నేను?" అని అడిగాను. "ఎందుకు రావొద్దు? ఆడ ఆ పని జరుగుతాంటే, ఈడ ఇంటి పనులు ఎట్ల నెట్టుకు రావాలో మనం చూసుకుందాం" అన్నారు. తనకు ఎంతవరకు చేతనవుతుందో చెప్పే మనిషి దొరకడం ఎంత అదృష్టమో నాకు తరవాత తెలిసింది.

రెండు వేల ఒకటి, రెండు

హిందూపురం నుంచి పొద్దున రైలు. మా ఆయన నాకు కిటికీ పక్కన చోటు పట్టి, తను నిలబడే వచ్చేవాడు. బెంగుళూరు ఆసుపత్రి హాల్లో బెంచీల మీద ఎన్ని భాషలో. అక్కడ కూర్చున్నంతసేపూ నేను వచ్చేపోయే ఆడవాళ్ల మొహాలు ఒక్కటీ వదలకుండా చూసేదాన్ని. "ఎవుర్ని ఎతుకుతాండావు?" అని మా ఆయన అడిగాడు. తెలిసినవాళ్లు ఎవరూ లేరన్నాను. చూడటం మాత్రం మానలేకపోయాను.

డాక్టరమ్మ పేరు శాంతల. నాకంటే వయసులో చిన్నది. ఆమె కన్నడంలో అడిగేవారు, నేను తెలుగులో చెప్పేదాన్ని. సరిహద్దులో పుట్టినవాళ్లకు అదేం వింత కాదు. వింతల్లా ఆమె మౌనమే. ఉషారాణి మేడం అయితే ఇది చేద్దాం, అది చూద్దాం అనేవారు. ఈమె ఏమీ చెప్పరు. వారం వారం అదే రోజు, అదే కుర్చీ, అదే మనిషి. ఏం మాట్లాడాలో తెలియక మొదట్లో బోరులో నీళ్లు తగ్గడం గురించీ, మా అత్త గురించీ చెప్పాను. మా అత్త గురించి చెప్పడానికి ఎన్ని వారాలైనా చాలవు.

"ఆ యమ్మ నాకేం చెప్పదు. అంతా నేనే చెప్పల్ల" అని రైల్లో విసుక్కున్నాను.

"ఇంట్లో నువ్వు చెప్పేదీ అంతే గదా, నేను వినేదీ అంతే గదా" అన్నాడు మా ఆయన. ఆ మాటకు చాలా రోజుల తరవాత ఇద్దరం నవ్వుకున్నాం.

అమ్మ మాట ఎప్పుడో మధ్యలో వచ్చింది. నాకు అలవాటైన ఒక్క వాక్యం చెప్పాను. "మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది." అందరూ ఆ వాక్యానికి 'అయ్యో' అని ముందుకు పోతారు. శాంతల డాక్టరమ్మ పోలేదు. "ఆ రోజు మీరు ఎక్కడున్నారు?" అని అడిగారు. అంతవరకు నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు.

ఎక్కడున్నాను? పురుగులింట్లో ఉన్నాను.

అమ్మకు కామెర్లు. పురుగులు నాలుగో జ్వరం లేచి మేత మీద ఉన్నాయి. చావు అంటు తగిలిన మనిషి పురుగులింట్లో అడుగు పెడితే పంట పోతుందని మా వైపు గట్టి నమ్మకం. ఇంకో నమ్మకం కూడా ఉంది. చావు కబురు చెవిన పడేదాకా ఆ అంటు మనిషికి తగలదు, తెలిసినప్పటినుంచే లెక్క. మా జేజి, అంటే మా నాయన తల్లి, ఈ రెండింటినీ కలిపి ఒక దారి కనిపెట్టింది. ఇంట్లో కబురు తెలియని మనిషి ఒకరు ఉంటే చాలు, పురుగులు బతుకుతాయి. ఆ మనిషిని నేను. నాకు పదేళ్లు.

పొద్దున నన్ను ముందు గదిలోకి పోనివ్వకుండా పెరటి దారిన తీసుకుపోయింది. "మీ అమ్మను బెంగుళూరు ఆసుపత్రికి తీసుకపోయినారు. వచ్చేదంక నువ్వే ఆకు ఏయల్ల పాపా. బయటికి రావాకు. ఎవురు పిల్చినా పలకాకు" అని తలుపు దగ్గరగా వేసింది. ఆమె గడప దాటలేదు. పురుగులింటి గడప జేజి ఎందుకు దాటలేదో, ఆమె కళ్లెందుకు ఎర్రగా ఉన్నాయో నాకు తెలియదా? కాసేపటికి ఏడుపులు వినిపించాయి. ఆ తరవాత తప్పెట.

ఏడిస్తే తెలిసినట్టే. తెలిస్తే అంటు. అంటు తగిలితే పురుగులు చచ్చిపోతాయి. అవి అమ్మ మేపిన పురుగులు. అందుకని తెలియనట్టు ఆకు వేశాను. పురుగులు పరిచిన ఒక తట్టకు వేసి ఇంకో తట్టకు. పురుగులు తినే చప్పుడే వింటూ, తప్పెట చప్పుడు వినిపించనంత దూరం పోయేదాకా వేస్తూనే ఉన్నాను. పురుగులు గూళ్లు కట్టుకున్నాక నన్ను బయటికి పిలిచి, అప్పుడు చెప్పి, తలకు నీళ్లు పోశారు. నాకు చెప్పేసరికి ఇంట్లో అందరి ఏడుపులూ అయిపోయాయి. నేనొక్కదాన్నే కొత్తగా ఏం ఏడుస్తాను.

మా జేజిని తిట్టుకోకండి. ఆ రోజుల్లో రోజూ ఆమే వచ్చి గడప అవతలి నుంచి సంగటి ముద్ద జరిపేది, నేను తినేదాకా అక్కడే కూర్చునేది. ఆ పంట పోయి ఉంటే ఆ ఏడు మేం ఏం తినేవాళ్లమో నాకు తెలియదు.

ఇదంతా చెప్పడానికి నాకు ఒక పూట కాదు, నెలలు పట్టింది. అంతా విన్నాక డాక్టరమ్మ నెమ్మదిగా అడిగారు. "మీకు మొదటిసారి దడ వచ్చిన ఏడు అనిత వయసెంత?" గోడ వైపు తిరిగి కూర్చున్నాను. గంప నెత్తిన పెట్టుకుని షెడ్డులోకి పోయిన పిల్ల కళ్ల ముందుకు వచ్చింది. ఎవరైనా నన్నూ అలా జడ పట్టుకుని ఈడ్చుకొచ్చి ఉంటే, మా అమ్మ మొహం ఒకసారి చూసి ఉండేదాన్ని. బెంగుళూరు హాల్లో బెంచీ మీద ఇన్నాళ్లూ ఎవరిని వెతికానో కూడా అప్పుడే తెలిసింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ తరవాత నాకు తగ్గలేదు, ఎక్కువైంది. అన్నం సయించలేదు, అకారణంగా ఏడుపు, మా ఆయన మీద కసురు. మానేద్దామనుకున్నాను. "బాగు చేస్తారని పంపిస్తే ఇంకా చెడగొట్టినారే" అని మా అత్త అననే అంది. ఉషారాణి మేడం దగ్గరికి పరిగెత్తాను. ఆమె మా అమ్మ సంగతి కదపలేదు. "ఈ వారం ఎట్ల గడపాలో చూద్దాం. వంట ఎవురు చేస్తారు? నీకు దడ వస్తే ఇంట్లో ఎవుర్ని పిలుస్తావు? ఇట్ల ఎక్కువైందని శాంతల గారితోనే చెప్పినావా?" అని అడిగారు. చెప్పలేదు. మరుసటి వారం వెళ్లి చెప్పాను. "మీ మీద కోపంగా ఉండాది, తెలియకుండా ఉన్నప్పుడే బాగున్న్యా" అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. ఆ కోపం గురించే మాట్లాడుకున్నాం. అది ఎవరి మీద కోపమో ఇద్దరం కలిసి వెతికాం. మీకు మధ్యలో ఎక్కువైతే లోపలే దాచుకోకుండా వాళ్లతోనే చెప్పండి.

సంఘం ఆడవాళ్లు అడిగేదానికి నాకు తెలిసినంత చెప్తాను. కళ్ల ముందు ఒక కష్టం ఉంది, దారి తోచడం లేదు, చెప్పుకునే మనిషి లేరు అన్నప్పుడు కౌన్సెలింగు. అది నన్ను బస్సెక్కించింది, ఇంటిని నిలబెట్టింది, కొన్ని నెలల్లో అయిపోయింది. ఎన్ని దారులు చూపినా మనిషి మళ్లీ మళ్లీ అదే చోట పడిపోతుంటే, ఎందుకు పడుతోందో తనకే తెలియకపోతే, దానికి సైకోథెరపీ. అక్కడ దారి చూపరు. మనం పడిపోయే చోటికి మనతో కలిసి వస్తారు, చాలాసార్లు వస్తారు, తొందరపెట్టరు. ఒకటి పెద్దదీ కాదు, ఇంకోటి చిన్నదీ కాదు. నా వరకు ముందు మొదటిది లేకపోతే రెండోదాన్ని తట్టుకునేదాన్నే కాదు.

రెండు వేల మూడు

బెంగుళూరు పని ముగింపుకు వస్తున్న రోజుల్లో డాక్టరమ్మ, "ఆ రోజు సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. జేజి ఎప్పుడో పోయింది. ఉన్నది మా నాయన. అడగమని ఆమె చెప్పలేదు. అడగాలని నాకే అనిపించింది.

ఆఖరి వారం పురుగులకు చేతి సాయంగా ఉంటానని నాయన మా ఇంటికి వచ్చాడు. షెడ్డు బయట చెట్టు నీడలో ఇద్దరం కొమ్మల నుంచి ఆకు దూస్తున్నాం. లోపల పొద్దుటి మేత తింటున్న చప్పుడు.

"నాయనా, అమ్మ పోయిన పొద్దే నాకు తెలుసు" అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. "ఏం తెలుసు?"

"అంతా తెలుసు. తప్పెట విన్న్యా. తెలీనట్టు ఉన్న్యా."

కొమ్మ కింద పెట్టి తుండుగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు.

"మీ జేజి నిన్ను లోపలేసి వచ్చినాక నేను ఆ గోడెంబడి నిలబడినా మ్మా. పాడె కట్టేదంక ఆడనే ఉన్న్యా. పాప ఏడిస్తే లోపలికి పోతా, పురుగులు పోతే పోనీ అనుకున్న్యా. గోడకు చెవి పెట్టి విన్న్యా. నువ్వు ఆకేసేది వినపడ్తాండె. ఏడ్చేది వినపడల్యా. పోనీలే, బిడ్డకు తెలీదు, ఆ మటుకు మేలు అనుకోని పోయినా. ఇన్నేండ్లూ అట్లే అనుకుంటాండా."

మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక్క మట్టిగోడ. నేను ఏడిస్తే ఆయన వచ్చేవాడు. పురుగులు బతకాలని నేను ఏడవలేదు.

ఆకు గంప ఎత్తుకుని లేచాను. నాయన నన్ను ఆపబోయి ఆగాడు. షెడ్డు లోపలికి వెళ్లాను. చప్పుడు నాలుగు వైపులా మీద పడింది. చేతులు చల్లబడ్డాయి, ఊపిరి పట్టేసింది. వస్తుంది, లేస్తుంది, దిగుతుంది అనుకుంటూ మొదటి తట్టకు ఆకు పరిచాను. రెండో తట్ట దగ్గర ఏడుపు వచ్చింది. చిన్న ఏడుపు కాదు, గొంతెత్తి, అమ్మా అని పిలుస్తూ ఏడ్చాను. పురుగులు తింటూనే ఉన్నాయి.

నాయన లోపలికి వచ్చాడు. గంపలోంచి దోసెడు ఆకు తీసుకుని నా పక్కన నిలబడి మూడో తట్టకు వేశాడు.

"ఏడువు మ్మా. పురుగులకేమీ కాదు" అన్నాడు.

మేం అలాగే ఏడుస్తూ మేత వేస్తుండగా అనిత బడి నుంచి వచ్చింది. దానికప్పుడు పద్నాలుగేళ్లు. గుమ్మం బయటే నిలబడి, పుస్తకాల సంచి గుండెకు హత్తుకుని, మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. "అమ్మా, నేను రావచ్చునా?" అంది.

"రా" అన్నాను. సంచి అరుగు మీద పెట్టి, కాళ్లు కడుక్కుని వచ్చి, అవతలి చివరి తట్ట నుంచి అదీ ఆకు వేయడం మొదలుపెట్టింది. కాసేపటికి నా పక్కకు వచ్చేసరికి దాని జడలో ఒక మల్బరీ ఆకు చిక్కుకుని ఉంది. తీయబోయాను. తల నావైపు వంచింది.

ఆ పంట గూళ్లు ఎప్పటిలాగే గట్టిగా వచ్చాయి.